తెర మీద ఇప్పలగూడ

ఫసలీ 1355, బహమన్ మాసం, ఇంగ్లీషు లెక్కలో 1945 డిసెంబరు. మొయినాబాదు అంగడి వీధి చివరి మడిగెలో కాపురమున్న సంగమ్మ, కాలం చేసిన తెరల శంకరయ్య భార్య, వయస్సు అరవై దాటినది, తాను పోయిన తర్వాత జరగవలసిన వాటి గురించి రాయించిన వీలునామా.

నేను స్వస్థచిత్తురాలనై, ఎవరి బలవంతమూ బెదిరింపూ లేకుండా, నా ఇష్టపూర్వకంగా ఈ మాటలు చెబుతున్నాను. "స్వస్థచిత్తురాలనై" అన్న మాట నాది కాదు, రాతగాడు హన్మంతుది. ఆయన చేవెళ్ల నుంచి బస్సులో వచ్చి, నా గడప మీద కూర్చుని, ఆ మాట లేకపోతే కాగితం చెల్లదన్నాడు. సరే, రాసుకోమన్నాను. మా నాటకాల్లో రాణులు ప్రాణం విడిచే ముందు ఇట్లాంటి మాటలే అనేవాళ్లు. నాకు కాళ్లు వాచాయి, దగ్గు ఆగదు. అయితే దగ్గు గొంతులో ఉన్నది గాని బుర్రలో లేదు. నేను చెప్పింది చెప్పినట్టు రాయాలనీ, అందం కోసం మార్చకూడదనీ హన్మంతుతో ఒట్టు వేయించుకున్నాను.

ఈ వీలునామా అమలు జరిపే భారం బీరమ్మ మీద పెడుతున్నాను. ఆమె ఎవరో మూడో అంశంలో వస్తుంది.

1. ఆస్తి వివరం. నాకు గుంటెడు భూమి లేదు. వీధిలోని ఆరు మడిగెలూ నా మామగారు కట్టించిన దుకాణాలు. ఆయన తర్వాత అవి మా బావగారి కొడుకు బాల్‌రాజ్‌వి. చివరి మడిగెలో బతికినన్నాళ్లు ఉండే హక్కు మాత్రమే నాది, అది నాతోనే పోతుంది. నావి అని చెప్పుకోదగ్గవి నాలుగు నాటకం తెరలు. రాజదర్బారు తెర, అడవి తెర, సముద్రం తెర, వీధి తెర. ఒక్కొక్కటి మూడు మడిగెల ముఖం కప్పేంత పెద్దది. వీధి తెరనే ఇప్పుడు జనం ఇప్పలగూడ తెర అంటున్నారు. తగాదా అంతా దాని మీదే.

ఇవి నాకెట్లా వచ్చాయో కూడా రాయాలట. నేను నాటకాల కంపెనీలో పుట్టాను. ఏ ఊళ్లో అంటే చెప్పలేను. బండ్లు ఒక ఊరు విడిచాయి, ఇంకో ఊరు చేరలేదు, నడుమ నేను వచ్చాను. మా ఆయన శంకరయ్య మాత్రం ఈ మొయినాబాదువాడు. ఉప్పూ బెల్లం కొట్టులో కూర్చోరా అని తండ్రి మొత్తుకున్నా వినకుండా మా కంపెనీ బండి ఎక్కి, తెరలు గీసే పని నేర్చాడు. నేను రంగులు నూరేదాన్ని. ఆయన కోటలు, కొలువులు, రథాలు బాగా గీసేవాడు. ఆకాశం మాత్రం ఆయన చేతికి కుదిరేది కాదు, ఇనుప రేకులాగ వచ్చేది. కాబట్టి నాలుగు తెరల మీదా ఆకాశాలు నావి. అడుగున ఆయన పేరు రాసి ఉన్నది, ఉండనివ్వండి. తల ఎత్తి చూసినవాళ్లకు నా సంగతి తెలుస్తుంది.

టాకీలు వచ్చాక మా ఆటలకు జనం తగ్గారు. కంపెనీ యజమాని ఒక తెల్లవారుజామున వికారాబాదు స్టేషన్‌లో మమ్మల్నీ తెరల్నీ వదిలేసి రైలెక్కాడు. చచ్చినవాళ్లను తిట్టకూడదంటారు. ఆయన చచ్చినట్టు నాకు కబురు లేదు కాబట్టి, ఉన్నాడనుకునే తిడుతున్నాను: వాడి నోట్లో మన్ను పడ. హన్మంతు ఇది కొట్టేస్తానంటే ఒప్పుకోలేదు.

2. రాజదర్బారు తెర బాల్‌రాజ్‌కు చెందవలెను.

మేము ఈ వీధికి వచ్చిననాడు ఆరు మడిగెలకూ తాళాలున్నాయి. తాళాలకు తుప్పు, అరుగుల మీద మేకలు. ఒకప్పుడు బుధవారం అంగడికి ఇసుక వేస్తే రాలనంత జనమట. గండిపేట చెరువు నిండినప్పుడు కొన్ని ఊళ్లు నీళ్ల కింద పడ్డాయి, కొనేవాళ్లు చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. మిగిలిన అంగడిని శంకర్‌పల్లి రైలు ఎత్తుకుపోయింది. మా ఆయన వీధి కొసన నిలబడి, "ఆట ఒడిసినంక తెర ఎనుక లెక్కున్నది" అన్నాడు. రెండో వానాకాలం దాటకుండానే ఆయనా పోయాడు.

ఆ వానలకు తెరలు బూజు పట్టాయి. అంత పెద్ద గుడ్డలు ఆరవేసే దండెం ఎక్కడిది? మూసి ఉన్న మడిగెల చూరుకు తాళ్లు కట్టి దర్బారు తెర దించాను. తెల్లవారి చూస్తే మొయినాబాదులో రాజదర్బారు ఉన్నది. గాలి వీచినప్పుడల్లా స్తంభాలు ఊపిరి పీల్చి వదులుతున్నాయి. సింహాసనం వెనక నా ఆకాశం, దాని వెనక అసలు ఆకాశం, రెండింటికీ నడుమ చూరు గీత ఒక్కటే అడ్డం. మేకలు కూడా కాసేపు నెమరు వేయడం మరిచిపోయి చూశాయి.

శంకర్‌పల్లికి ఉల్లిగడ్డల బండి తోలుకుపోతున్న మోకిల సంగయ్య ఎడ్లను నిలిపి, చూసి చూసి, "యాడైనా అమ్ముడే గద, గీ రాజుగారి ముంగట కూసొని అమ్ముత. శంకర్‌పల్లిల నన్ను సూసెటోడెవడు" అని సింహాసనం కింద గోనె పరిచాడు. దర్బారును చూడవచ్చినవాళ్లు ఉత్త చేతులతో పోలేక తలా కొంచెం ఉల్లిగడ్డ కొన్నారు. పొద్దు వాలేసరికి గోనె ఖాళీ.

అప్పుడు నాకు తోచింది. ఆట లేకపోతేనేం, తెర ఉన్నది కదా. జనమే వేషగాళ్లు. బుధవారానికొక తెర మార్చడం మొదలుపెట్టాను. వచ్చే వారం అడవి, ఆ పై వారం సముద్రం అని డప్పు కొట్టించేదాన్ని. చుట్టుపక్కల ఊళ్లలో "గీ బుధారం ఏం తెర" అని ఒకరినొకరు అడగడం మొదలైంది. సముద్రం కింద గండిపేట చేపలవాళ్లు కూర్చుని "సముద్రం చేప, సముద్రం చేప" అని కేకలు వేస్తుంటే జనం నవ్వుకుంటూనే కొనేవాళ్లు. అడవి కింద కూర్చున్న సీతాఫలాలామె, ఎండ తెర మీది చెట్ల నీడలోకి రాదని నమ్మేది. నిజంగానే నెత్తి మీది కొంగు తీసేసేది.

బాల్‌రాజ్‌కు ఇదంతా పిచ్చి. "చిన్నమ్మా, బొమ్మల్ని సూస్తె కడుపు నిండుతదా? మడిగెలు గోదాములకు కిరాయికిస్త, నీకు గూడ ఫికర్ ఉండది" అంటాడు. యుద్ధం రోజుల నుంచి ధాన్యం దాచేవాళ్లు వాడి వెంట పడుతున్నారు. వాడు చెడ్డవాడు కాడు. నాకు చలిజ్వరం వచ్చినప్పుడు వీపు మీద వేసుకుని దవాఖానకు మోసినవాడు. అంగడి కూర్చున్నంత కాలం మడిగెలను ముట్టనని నా చేతిలో చెయ్యేసి చెప్పాడు. అంగడి లేచిపోయిన మరునాడు గోదాములేనని కూడా చెప్పాడు, దాచుకోలేదు.

దర్బారు వాడికే ఎందుకంటే, నగరం నుంచి నల్లగుడ్డ కప్పుకుని ఫొటోలు దించే ఆయన వచ్చినప్పుడల్లా, అందరూ పోయాక వాడు ఒక్కడే ఆ సింహాసనం ముందు నిలబడి మీసం దువ్వుకుంటాడు. ఎవరూ చూడలేదనుకుంటాడు.

3. సముద్రం తెర బీరమ్మకు చెందవలెను.

బీరమ్మది ఇప్పలగూడ. ఇప్పలగూడ ఇప్పుడు లేదు, గండిపేట నీళ్ల అడుగున ఉన్నది. ఊరు మునిగాక ఆమె ఇక్కడికి వచ్చి కూలిపనితో పిల్లల్ని సాకింది. ఒక బుధవారం నేను వీధి తెర కట్టాను. నాటకంలో ఏ ఊరికైనా అదే తెర: అటూ ఇటూ ఇండ్ల వరుసలు, నడుమ దారి. బీరమ్మ నెత్తి మీది గడ్డిమోపు దించి, నడుము మీద చేతులు పెట్టుకుని, "అక్కా, మా ఇప్పలగూడ గిట్లనే ఉండె. గని బాయి కాడ రెండు ఇప్పచెట్లుండె. గవి ఏవి?" అన్నది. ఏడుపు కాదు, కోపం. చెట్లను నేను దొంగిలించినట్టే అడిగింది.

లోపలికి పోయి కుంచె తెచ్చి, ఆమె చూస్తుండగానే రెండు ఇప్పచెట్లు వేశాను. "జర వంగి ఉండె" అంటే వంచాను. ఆమె నేల మీద చతికిలబడి, "గదే, అక్కా, గదే" అని చాలాసేపు అంటూనే ఉన్నది.

ఆ కబురు ఇప్పలగూడవాళ్లు చెదిరిపోయిన ఊళ్లన్నిటికీ పాకింది. ఇక ఏ తెర వంతు వచ్చినా పక్కన వీధి తెర కూడా కట్టేదాన్ని. శంకర్‌పల్లి నుంచి, మోకిల నుంచి, చేవెళ్ల అవతల నుంచి ప్రతి బుధవారం ఎవరో ఒకరు వచ్చి తప్పులు దిద్దేవాళ్లు. ఒకరు బావి ఎడమకు అంటే ఇంకొకరు కుడికి అన్నారు. ఎవరినీ అబద్ధమనలేదు, రెండు బావులూ వేశాను. ఎగువవాళ్లకు పొద్దు చింతతోపు వెనక పొడిచేదట, దిగువవాళ్లకు బండరాళ్ల వెనక. కాబట్టి ఆ ఊరికి రెండు దిక్కులా తెల్లవారుతుంది. ఒక ముసలమ్మ తన చచ్చిపోయిన ఎర్రావును అడిగింది. ఒకాయన తాను కట్టాలనుకుని కట్టలేకపోయిన మిద్దెను అడిగాడు. కట్టించాను. జాజు, సున్నం, నీలిమందు, దీపపు మసి, తుమ్మజిగురు. వీటితో కట్టే ఇంటికి మేస్త్రీ ఎందుకు? కిరస్తానీలైన బీరమ్మ వాళ్ల మట్టిగోడల ప్రార్థన ఇంటి సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. బీరమ్మే వచ్చి, "మమ్ముల గూడ ముంచిన్రు గద, మా గుడి ఏది?" అని పెట్టించుకున్నది.

నేను ఎన్నడూ చూడని ఊరు అది. అయినా ఇప్పుడు కళ్లు మూసుకుంటే దాని సందుల్లో తిరిగి, ఏ ఇంటి ముందు కుక్క అరుస్తుందో తెలిసి పక్కకు జరిగి, సాయంత్రానికి ఇల్లు చేరగలను. నిద్రలో చాలాసార్లు పోయి వచ్చాను.

బీరమ్మకు నీళ్లంటే పగ. ఊరిని మింగిన నీళ్లు కదా. కానీ ఏటా క్రిస్మసుకు సముద్రం తెరను అడిగి తీసుకుపోయి, దాని ముందే మోకరించి ప్రార్థన చేస్తుంది. ఇదేం విడ్డూరమే అని అడిగితే, "గీ నీళ్లు ఎవ్వర్ని ముంచలే గదక్కా" అన్నది. ఇక అడగవలసిన పని లేదు, తెర ఆమెదే.

4. ఇప్పలగూడ పెద్దమనిషి అంతయ్యకు నా ఆస్తిలో నూలుపోగు కూడా ఇవ్వడం లేదు. కారణం రాయాలి కాబట్టి రాయిస్తున్నాను.

తెర నడుమ కొంత జాగా బోసిగా ఉండేది. వేషగాళ్లు నిలబడటానికి అట్లా విడిచిపెడతారు. వేషగాళ్లు లేరు కదా అని ఒకనాడు అక్కడ ఒక రాయి వేసి, పసుపు పూసి, బొట్లు పెట్టాను. మా బండ్లు ఆగిన ప్రతి ఊరి నడుమా అట్లాంటి రాయిని చూశాను, బొడ్రాయి అంటారని విన్నాను. బొడ్రాయి నిలిపిననాడు ఆ ఊళ్లో పుట్టినవాళ్లంతా ఎక్కడున్నా రావాలనీ, రాయికి నీళ్లు పోసినప్పటి నుంచి మరునాడు పొద్దు పొడిచేదాకా ఊరివాడు పొలిమేర దాటకూడదనీ, పరాయివాడు పొలిమేర లోపల ఉండకూడదనీ ఊరున్నవాళ్లకు తెలుస్తుంది. బండిలో పుట్టినదానికి ఎట్లా తెలుస్తుంది?

అంతయ్య ఆ బుధవారం వచ్చి, రాయిని చూసి, చెప్పులు విడిచాడు. తలగుడ్డ తీసి చంకన పెట్టుకున్నాడు. "బొడ్రాయి నిలవడ్డది. ఇగ ఊరున్నట్టే" అన్నాడు. అది బొమ్మ కదా అని ఎవరో అనబోతే ఆయన చూసిన చూపుకు ఆ మనిషి కూడా చెప్పులు విడిచాడు. కబుర్లు పోయాయి. చెప్పిన రోజుకు ఇప్పలగూడ అంతా ఈ వీధిలోకి వచ్చింది. ఎప్పుడో పెళ్లిళ్లయి పోయిన ఆడబిడ్డలు పిల్లల్ని చంకనేసుకుని వచ్చి, తెర మీద తమ ఇల్లు వెతుక్కుని, దాని ముందు మూటలు దించుకున్నారు. వీధికి రెండు కొసలా వేపమండలు కట్టి అదే పొలిమేర అన్నారు. మొయినాబాదువాళ్లు వింత చూస్తూ అవతలికి జరిగారు.

నేను నా గడప మీద కూర్చుని ఉన్నాను. అంతయ్య వచ్చి, "తెరలామె, నువ్వు ఇప్పలగూడల పుట్టలే. బయటికి నడువు" అన్నాడు.

నా గడప అది. నేను గీసిన ఊరు. ఆ ఊళ్లో ప్రతి ఇంటికీ నేనే తలుపు పెట్టాను.

పోయాను, ఏం చేస్తాను. చేవెళ్ల సడకు మీద మోరీ గట్టున కూర్చున్నాను. పొద్దు వాలింది. గీసిన ఇండ్ల ముందు నిజం పొయ్యిలు వెలిగాయి. పొగ లేచి నా ఆకాశంలోకి పోయింది. అంత దూరం నుంచి తెర ఎక్కడ ఆగుతుందో, మనుషులు ఎక్కడ మొదలవుతారో తెలియలేదు. నేను మసితో మూసిన కిటికీల్లో కూడా దీపాలున్నట్టే కనిపించింది. ఎవరో పిల్లను పేరు పెట్టి పిలుస్తున్నారు, ఆ పిలుపు తెర లోపలి నుంచి వచ్చినట్టే ఉన్నది. నా జన్మలో అంత మంచి ఆట చూడలేదు. చూస్తూ ఏడ్చాను. రాయి హన్మంతూ, ఏడ్చిందని రాయి. బీరమ్మ నన్ను దగ్గరికి పిలిచి, వేపమండల కింది నుంచి కట్టెతో నెట్టి గిన్నెడు అన్నం పంపింది. పొలిమేర ఆమె దాటలేదు, అన్నం దాటింది.

మంచీ జరిగింది, అదీ చెప్పాలి. ఊరివాళ్లు పొలిమేర దాటకూడదు కదా. అంతమందికి కుండలు, ఉప్పు, నూనె, చాపలు లోపలే దొరకాలి. ఇప్పలగూడ కుమ్మరి బాలమల్లు ముందునాడే బాల్‌రాజ్‌ను బతిమాలి మొదటి మడిగె తాళం తీయించి కుండలు పెట్టాడు. గానుగాయన రెండోది తెరిపించాడు. మరునాడు పొద్దు పొడిచాక వేపమండలు తెంపారు గాని మడిగెలు మూయలేదు. ఊరు దొరికినవాళ్లు మళ్లీ వారం వచ్చారు, మళ్లీ వారం వచ్చారు. చచ్చిన అంగడి లేచి కూర్చున్నది. ఇది చేసింది అంతయ్య మొండితనమే. అయినా నూలుపోగు ఇవ్వను.

5. అడవి తెర బాలమల్లుకు. మొదట తలుపు తీసినవాడని. చెదలు తిన్న మూల ఒకటి ఉన్నది, అక్కడ ఒక పులి ఉండేది. పులి పోయిందని బెంగ పెట్టుకోవద్దు, కుండలు కొనేవాళ్లకు పులితో పని లేదు.

6. నా కుంచెలు, రంగు చిప్పలు, నూరుడు రాయి బీరమ్మ కూతురు ప్రేమమ్మకు. ఆమెకు గీత నిలవదు. ఎద్దును వేస్తే మేక అవుతుంది. కానీ ఒకనాడు ఆమె ముగ్గులో చేవెళ్ల బస్సుకు రెక్కలు పెట్టింది. ఎందుకే అంటే, "వానకాలం బురదల దిగవడకుంట ఎగిరొస్తదని" అన్నది. గీత నేర్పవచ్చు, ఇది నేర్పలేము. తెర గుడ్డకు పూసే చింతగింజల గంజి ఆమె పలచగా కాస్తుంది, చిక్కగా కాయాలి. నా రెండు పట్టెంచు చీరల్లో ఆకుపచ్చది కూడా ఆమెకే, పండుగకు కట్టుకోవాలి గాని దాచకూడదు.

7. నా అంత్యక్రియలు బాల్‌రాజ్ చేయవలెను. బుధవారం పోతే గురువారం దాకా ఎవరూ శోకాలు పెట్టకూడదు, బేరాలు చెడతాయి.

8. ఇప్పలగూడ తెర.

ఇక్కడి నుంచి హన్మంతు నెమ్మదిగా రాయవలెను, అంతయ్య సరిగ్గా వినవలెను. అతణ్ని సాక్షిగా పిలిపించింది ఇందుకే. వీలునామాలో వాటా ఉన్నవాడు సాక్షి కాకూడదట. అతడికి వాటా ఏమీ లేదని నాలుగో అంశంలో రాయించాను కదా.

ఆ మొదటి ఏడు జరిగినట్టే ఏటా జరుగుతున్నది. బొడ్రాయి నాడు పరాయివాళ్లను వెళ్లగొట్టడం ఆచారమైంది. ఇప్పుడు అంగడిలో సగానికి పైగా పరాయివాళ్లే. మోకిల సంగయ్య పరాయివాడు. షాబాదు నుంచి తమలపాకులు తెచ్చే సాహెబు పరాయివాడు. పోయిన ఏడు శంకర్‌పల్లి గాజులామెను, బాలింతరాలని కూడా చూడకుండా, పసిబిడ్డతో సహా ఎండలోకి పంపారు. ఆమె మళ్లీ రాలేదు. ఆమె వెంట ఇంకొందరు రాలేదు. పోయిన బుధవారం రెండు మడిగెల తలుపులు తెరుచుకోలేదు. బాల్‌రాజ్ తలుపుల వైపు చూసి నా వైపు చూశాడు. ఆ చూపు నాకు అర్థమైంది.

ఇది చాలక అంతయ్య కొత్త మాట ఎత్తాడు. "దేవునసొంటి తెర, దుమ్ముల ఎందుకు? సందుకల పెట్టి బొడ్రాయి నాడు ఒక్కనాడే తీద్దం" అంటున్నాడు. తెర పెట్టెలోకి పోతే బుధవారం ఎవరు వస్తారు? ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లే కదా ఉప్పు కొనేది! మునిగిన ఊరిని పైకి తెచ్చి, మళ్లీ పెట్టెలో ముంచుతాడట.

ఇంకోవైపు నగరంలోని ఒక నవాబుల దేవిడీ వాళ్లు ఈ తెరను చూసి పోయారు. తమ హాలులో గోడకు వేలాడదీస్తారట, బాల్‌రాజ్‌కు మంచి వెల చెప్పారు. వాడు ఇంకా అవునని అనలేదు, కాదనీ అనలేదు.

కాబట్టి నా నిర్ణయం ఏమనగా: ఇప్పలగూడ తెర ఏ మనిషికీ కాదు, అంగడికి చెందవలెను. బీరమ్మ దాన్ని కాపాడవలెను. అయితే ఇప్పలగూడ తరఫున అంతయ్య ఈ కింది షరతులు మూడింటినీ ఒప్పుకుని వేలిముద్ర వేస్తేనే ఈ అంశం చెల్లుతుంది.

మొదటిది, తెర ప్రతి బుధవారం చూరుకు కట్టాలి. ఎండకు వెలిస్తే వెలవనివ్వాలి, వానకు తడిస్తే తడవనివ్వాలి, ప్రేమమ్మ మళ్లీ వేస్తుంది. మేక లాంటి ఎద్దును చూసి నవ్వితే నవ్వండి, ఎద్దు లేకపోవడం కన్నా నయం.

రెండోది, అంగడికి వచ్చేవాళ్లలో ఎవరైనా "మా ఇల్లు గూడ పెట్టు" అని అడిగితే పెట్టాలి. గాజులామె ఇల్లు పెట్టాలి. సాహెబు ఇల్లు పెట్టాలి, తమలపాకుల తీగతో సహా. జాగా చాలకపోతే గుడ్డ అతికించాలి.

మూడోది, బొడ్రాయి నాడు ఎవరినీ బయటికి పంపకూడదు. మునిగిన ఊరికి పొలిమేర ఎక్కడుందయ్యా అంతయ్యా? చేపలు తిరుగుతున్నాయి దాని మీద. నువ్వు కాపాడుతున్నది వేపమండల తాడును. ఊరంటే దినాం పొద్దున లేచి ఉన్నదనుకునేవాళ్లు ఉంటేనే ఊరు. గీసినదాన్ని కాబట్టి నాకు తెలుసు, ఎవరూ చూడని రోజున అది ఉత్త గుడ్డ. ఇది నా కోసం అడగడం లేదు. వచ్చే బొడ్రాయికి నేను ఉండను. నా గడప మీద ఇంకెవరో కూర్చుని ఉంటారు, వాళ్లను లేపొద్దు.

ఒప్పుకోకపోతే తెర బాల్‌రాజ్‌ది. దేవిడీకి అమ్ముకోవచ్చు, మడిగెలు గోదాములు చేసుకోవచ్చు, నా ఆత్మ వచ్చి వాడి పీక పట్టుకోదు. పెట్టెలో కన్నా దేవిడీ గోడ మేలు, అక్కడ కనీసం నౌకర్లు దులిపేటప్పుడు చూస్తారు. నేను బెదిరిస్తున్నానా అంటే, అవును, బెదిరిస్తున్నాను. మొత్తం వీలునామాలో బెదిరింపు లేదని మొదట రాసింది నన్ను ఎవరూ బెదిరించలేదని మాత్రమే.

పైన రాసినదంతా నాకు చదివి వినిపించగా విని, సరేనని ఒప్పుకుని వేలిముద్ర వేశాను.

తేది 14 బహమన్, ఫసలీ 1355. మొయినాబాదు.

సంగమ్మ, ఎడమచేతి బొటనవేలి ముద్ర.

రాతగాడు హన్మంతు, చేవెళ్ల, రాసుకున్న గమనిక: ఎనిమిదో అంశం చదువుతుండగా, మూడో షరతు దగ్గర అంతయ్య లేచి వెళ్లిపోయాడు. బాల్‌రాజ్ చుట్టి ఉన్న తెర వైపు చూస్తూ కూర్చున్నాడు. సంగమ్మ కాగితం మడవమన్నది. మడవబోతుండగా అంతయ్య తన ఇంటామెను వెంటబెట్టుకుని తిరిగి వచ్చాడు. ఆమె చేతిలో కొత్త చీర, బియ్యపు గిన్నె ఉన్నవి. ఇది చూసినందుకు సంతకం చేస్తున్నాను. హన్మంతు.

అమలు జరిపే భారం ఒప్పుకున్నది: బీరమ్మ. సొంత సంతకం.

సాక్షి: అంతయ్య, ఇప్పలగూడ. వేలిముద్ర. అతడు చెప్పగా, అతని మాటల్లోనే రాసినది:

"మూడు షర్తులు ఇన్న. ఒప్పుకుంటున్న. అంగడికొచ్చినోళ్లను ఇగ ఎవ్వర్ని బయటికి పంపం. సంగవ్వను నేనెరుగుత, మా ఊరి ఆడబిడ్డ. పుట్టినింటోళ్లం, ఆడబిడ్డకు ఒడిబియ్యం దెచ్చినం. మొగడు లేని ఆడిదానికి ఒడిబియ్యం పొయ్యరని హన్మంతు యాది జేస్తుండు. మునిగిన ఊరికి బొడ్రాయి గూడ నిలవెట్టరు, నిలవెట్టినం గద. ఇగ రాసుడు ఆపు. సంగవ్వా, కొంగు వట్టు."